పొగాకు, పత్తి, కాగితం

ఒంగోలు, కందుకూరు చుట్టుపక్కల రైతుకు అమెరికా పటంలో వర్జీనియా ఎక్కడుందో తెలియకపోవచ్చు. పేరు మాత్రం బాగా తెలుసు. వర్జీనియా పొగాకు. 1920ల్లో ఆ విత్తనం గుంటూరు సీమకు వచ్చింది మొదలు ఆ మాట మన పొలం మాటల్లో కలిసిపోయింది. నారు పోయాలి, నాటాలి, తలలు తుంచాలి, పిలకలు తీయాలి, ఆకు కొట్టి బ్యారన్‌కు ఎక్కించాలి. ఆ చాకిరీ ఎంతో, చేసిన ఇంట్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అమెరికా తొలి రెండున్నర శతాబ్దాల మీద పుస్తకాలు గుట్టలుగా ఉన్నాయి. వాటిని ముందేసుకుని కూర్చున్నప్పుడల్లా నాకు మొదట గుర్తొచ్చేది ఈ చాకిరీయే. దీన్ని ఎవరిచేత చేయించాలన్నదే అక్కడ మొదటి ప్రశ్న. స్వేచ్ఛ, సమానత్వం, రాజ్యాంగం అన్నీ ఆ ప్రశ్న చుట్టూ అల్లుకున్న తీగలే.

పుట్టుకతో మనుషులంతా సమానమని 1776లో చాటిన దేశం, 85 ఏళ్లు తిరక్కుండానే బానిసత్వం మీద రెండుగా చీలి ఎందుకు కొట్టుకుంది? దీనికి రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. ఆ కాలం అలాంటిది, అందరూ అలాగే ఉండేవారు అన్నది ఒకటి. ఆ దేశం పుట్టిందే పాపంలో, తక్కినదంతా దాని ఫలితం అన్నది రెండోది. ఒకదానికొకటి పడని ఈ రెండు జవాబులూ ఒక్క విషయంలో మాత్రం కలుస్తాయి. ఎవరో ఒకరు కూర్చుని, ఫలానా రోజున, ఫలానా కాగితం మీద సంతకం పెట్టారన్న సంగతిని రెండూ మరిపిస్తాయి. అమెరికా బానిసత్వం వానలా కురిసింది కాదు. దాన్ని ఒక్కో చట్టంతో ఒక్కో తలుపు మూసుకుంటూ కట్టారు. ఏ తలుపు ఎప్పుడు మూశారో తేదీలతో సహా దొరుకుతుంది.

1607లో జేమ్స్‌టౌన్‌లో దిగిన ఇంగ్లీషువాళ్లు బంగారం దొరుకుతుందనుకుని వచ్చారు. 1609-10 చలికాలంలో తినడానికి ఏమీ లేక, సుమారు 500 మందిలో 60 మంది దాకా మిగిలారు. అప్పటిదాకా వాళ్లను బతికించింది పౌహాటన్ తెగల మొక్కజొన్న. 1612 ప్రాంతంలో జాన్ రోల్ఫ్ అనే ఆయన కరీబియన్ రకం పొగాకు వేసి చూశాడు. లండన్‌లో గిరాకీ తగిలింది. ఇక వీధుల్లో కూడా పొగాకే నాటారట. భూమి కావలసినంత ఉంది, అది పౌహాటన్‌లది. లేనిది కూలీలు.

అందుకే 1618లో ఒక పథకం పెట్టారు. ఒక మనిషిని సముద్రం దాటించి తెచ్చినవాడికి తలకు 50 ఎకరాలు. ఈ లెక్కతో ఇంగ్లండ్ పేదలు ఓడలెక్కారు. దారి ఖర్చు యజమానిది, బదులుగా నాలుగు నుంచి ఏడేళ్లు ఊడిగం. మన పాలేరుతనం లాంటిదే. కాకపోతే పాలేరుకు ఉగాది నుంచి ఉగాదికి లెక్క, వీళ్లకు ఓడ దిగిన రోజు నుంచి. గడువులోగా కొట్టొచ్చు, అమ్మొచ్చు, పెళ్లి వద్దనొచ్చు. గడువు తీరేలోగా చాలామంది చచ్చిపోయేవారు. 1630ల నాటి ఒక భూమి పట్టాలో, అలా తెచ్చిన మనుషుల జాబితాలో ‘టోనీ, ఈస్టిండియన్’ అనే పేరు కనిపిస్తుంది. అమెరికా నేల మీద కాలుపెట్టిన తొలి భారతీయుడి గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు ఇంజనీర్ల దగ్గర మొదలుపెడతారు. టోనీ దగ్గర మొదలుపెట్టాలి. అతని విలువ 50 ఎకరాలు.

1619 ఆగస్టు చివర్లో, చెసాపీక్ అఖాతం మొదట్లో ఉన్న పాయింట్ కంఫర్ట్ దగ్గర వైట్ లయన్ అనే ఓడ లంగరు వేసింది. అంగోలా నుంచి వెళ్తున్న పోర్చుగీసు ఓడను దోచి తెచ్చిన ఇరవై చిల్లర మంది ఆఫ్రికన్లను దించి, తిండి సామాన్లకు మారుబేరం చేసుకుంది. సరిగ్గా నెల కిందటే, జూలై 30న, జేమ్స్‌టౌన్‌లో ఆ ఖండపు తొలి ఎన్నికైన శాసనసభ కొలువు తీరింది. ఈ రెండూ ఒకే ఎండాకాలంలో జరగడం యాదృచ్ఛికమే. కానీ తర్వాత ఆ సభ చేసిన పని యాదృచ్ఛికం కాదు.

దిగినవాళ్లు బానిసలా, గడువు కూలీలా? ఈ ఒక్క ప్రశ్న మీద చరిత్రకారులు 70 ఏళ్లుగా వాదులాడుకుంటున్నారు. 1950లో ఆస్కార్, మేరీ హ్యాండ్లిన్ దంపతులు మొదట్లో వాళ్ల స్థితి తెల్ల కూలీల స్థితికి దగ్గరగానే ఉండేదన్నారు. కాదు, నల్లరంగు మీద ఏవగింపు ఇంగ్లీషువాళ్ల బుర్రల్లో ముందునుంచే ఉందని 1968లో విన్‌త్రాప్ జోర్డన్ లావుపాటి పుస్తకం రాశాడు. సిద్ధాంతాలు పక్కనపెట్టి కోర్టు పుస్తకాలు తిరగేస్తే రెండు వాదనలకూ సాక్ష్యం దొరుకుతుంది.

1640. ముగ్గురు కూలీలు యజమాని దగ్గర్నుంచి మేరీలాండ్‌కు పారిపోయి పట్టుబడ్డారు. ఒకడు డచ్చివాడు, ఒకడు స్కాట్లండ్‌వాడు, మూడోవాడు జాన్ పంచ్ అనే నల్లవాడు. మొదటి ఇద్దరికీ కొరడా దెబ్బలు, ఇంకో నాలుగేళ్ల ఊడిగం. జాన్ పంచ్‌కు కొరడా దెబ్బలు, బతికినంత కాలం ఊడిగం. నేరం ఒకటే, పారిపోయిన రాత్రి ఒకటే.

జోర్డన్ గెలిచాడనుకునేలోగా ఆంథనీ జాన్సన్ ఎదురవుతాడు. 1621లో ‘ఆంటోనియో, నీగ్రో’ అని రాయించుకుని వచ్చినవాడు, స్వతంత్రుడై, 1651 నాటికి 250 ఎకరాల ఆసామి అయ్యాడు. అతని దగ్గర జాన్ కేసర్ అనే నల్ల కూలీ ఉన్నాడు. నా గడువు ఎప్పుడో తీరిపోయిందని కేసర్ పక్క తెల్లవాడి ఇంటికి వెళ్లిపోతే, జాన్సన్ కోర్టుకెక్కాడు. 1655లో కోర్టు కేసర్‌ను జీవితాంతపు కూలీగా జాన్సన్‌కే అప్పగించింది. ఒక నల్లవాడు మరో నల్లవాణ్ణి కోర్టు ద్వారా శాశ్వతంగా సంపాదించుకున్నాడు. ఈ కథను చూపించి, చూశారా, నల్లవాళ్లే మొదలుపెట్టారని ఇంటర్నెట్‌లో ఇప్పటికీ ఊగిపోయేవాళ్లున్నారు. వాళ్లు చివరి పేజీ చదవరు. జాన్సన్ 1670లో చనిపోయాక వర్జీనియా జ్యూరీ అతను నీగ్రో గనక పరాయివాడని తేల్చి అతని భూమి ప్రభుత్వానికి చెందుతుందంది. బతికుండగా కోర్టుకు వెళ్లగలిగిన మనిషి, చచ్చాక ఆ కోర్టు దృష్టిలో మనిషే కాకుండా పోయాడు. మారింది ఆ మధ్యకాలం.

ఆ మధ్యకాలంలో నన్ను ఎక్కువగా పట్టి ఆపేది ఎలిజబెత్ కీ వ్యాజ్యం. తండ్రి థామస్ కీ, ఇంగ్లీషువాడు, శాసనసభ్యుడు కూడా. తల్లి ఆఫ్రికా స్త్రీ. కూతుర్ని తండ్రి తొమ్మిదేళ్ల ఒప్పందం మీద ఒకరికి అప్పగించి చనిపోయాడు. తొమ్మిదేళ్లు పోయి పంతొమ్మిదేళ్లయింది. ఈలోగా ఆమె చేతులు మారి మరో ఆసామి దగ్గర చేరింది. 1655లో అతనూ పోయాక, వారసులు ఆస్తి జాబితా రాస్తూ ఆమెను నీగ్రోల పద్దులో వేశారు. ఆమె కోర్టుకెళ్లింది. వాదనలు మూడు. నా తండ్రి స్వతంత్రుడైన ఇంగ్లీషువాడు, ఇంగ్లండ్ ఆనవాయితీ ప్రకారం బిడ్డ స్థితి తండ్రిని బట్టి. నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవురాలిని. నా ఒప్పందం గడువు ఎప్పుడో దాటింది. ఆమె తరఫున నిలబడిన విలియం గ్రిన్‌స్టెడ్ కూడా ఒప్పంద కూలీయే. తర్వాత ఆమెను పెళ్లి చేసుకున్నాడు. కేసు కింద గెలిచి, పైన ఓడి, శాసనసభ దాకా వెళ్లి, 1656లో ఆమె బయటపడింది.

ఇప్పుడు ఆ మూడు వాదనల పక్కన శాసనసభ చేసిన చట్టాలు పెట్టి చూడండి. 1662: బిడ్డ బానిసో కాదో తల్లి స్థితిని బట్టి తేలుతుంది. 1667: బాప్తిస్మం ఇచ్చినంత మాత్రాన బానిసకు విడుదల లేదు. ఆమె ఏ తలుపుల్లోంచి బయటికొచ్చిందో ఆ తలుపులకే తాళాలు. 1669లో ఇంకొకటి చేశారు. దండించేటప్పుడు బానిస చచ్చిపోతే యజమాని మీద హత్యానేరం ఉండదు, తన ఆస్తిని తానే కావాలని పాడుచేసుకునేవాడు ఎవడూ ఉండడు గనక. తర్కం చూడండి, ఎంత ప్రశాంతంగా ఉందో!

వీటిలో అన్నిటికన్నా లోతుగా కోసింది 1662 చట్టం. ఇంటిపేరు, కులం, ఆస్తి అన్నీ తండ్రి నుంచే రావాలనుకునే సమాజం, ఈ ఒక్క చోట తల్లివైపు తిరిగింది. ఎందుకో వేరే చెప్పాలా? యజమాని బానిస స్త్రీని చెరిస్తే పుట్టిన బిడ్డ ఇక వారసుడు కాడు, సరుకు. నేరానికి శిక్ష పోయి లాభం వచ్చింది. సంఖ్యలు కూడా ఈ చట్టం వైపే వేలు చూపిస్తాయి. నాలుగు శతాబ్దాల్లో ఆఫ్రికా నుంచి ఓడలెక్కించిన 1 కోటీ 25 లక్షల మందిలో ఇప్పటి అమెరికా నేల మీద నేరుగా దిగింది 4 లక్షల లోపే. 1860 నాటికి అక్కడి బానిసలు 39 లక్షల పైచిలుకు. మిగతావాళ్లంతా అక్కడే, ఆ చట్టం నీడలో, తల్లుల కడుపున పుట్టినవాళ్లు.

1676లో నథానియల్ బేకన్ అనే కుర్ర ఆసామి గవర్నర్ మీద తిరగబడి జేమ్స్‌టౌన్‌ను తగలబెట్టాడు. అతని వెంట గడువు తీరి భూమి దొరకని తెల్లవాళ్లు, ఇంకా సేవలో ఉన్న కూలీలు, నల్ల బానిసలు కలిసి నడిచారు. ఈ కలయిక చూసి పెద్దలు బెదిరిపోయారని, పేద తెల్లవాణ్ణి తమవైపు తిప్పుకోవడానికి రంగు గీత గీశారని 1975లో ఎడ్మండ్ మోర్గన్ రాశాడు. తెల్లవాళ్ల స్వేచ్ఛ, నల్లవాళ్ల బానిసత్వం ఒకే చెట్టు కొమ్మలన్నది ఆయన వాదన. ఈ సాహిత్యంలో ఒక్క పుస్తకమే చదవాలంటే నేను మోర్గన్‌నే చెప్తాను. అయితే బేకన్‌కు ఆయన ఇచ్చిన బరువు ఎక్కువనే అనుకుంటాను. 1662 ముందే వచ్చింది కదా. పైగా బేకన్ దండు ముందుగా మీదపడింది గవర్నర్ మీద కాదు, పక్కనున్న ఆదివాసీ పల్లెల మీద. ఏదేమైనా 1705 నాటికి వర్జీనియా తన చట్టాలన్నిటినీ ఒక్క స్మృతిగా కూర్చింది. గడువు తీరిన తెల్ల కూలీకి మొక్కజొన్న, డబ్బు, తుపాకీ ఇవ్వాలని, బానిస గుర్రాలు, పశువులు, పందులు లాక్కోవాలని అందులోనే ఉంది.

ఇదంతా దక్షిణాది కథేనని ఉత్తరాదివాళ్లు చెప్పుకుంటారు. మసాచుసెట్స్ భక్తులు 1641లోనే యుద్ధ ఖైదీలను, కొన్నవాళ్లను బానిసలుగా ఉంచుకోవచ్చని చట్టంలో రాసుకున్నారు. పీక్వాట్ తెగ ఖైదీలను కరీబియన్‌కు అమ్మి, 1638లో డిజైర్ అనే ఓడ మీద ఆఫ్రికన్లను తెచ్చుకున్నారు. రోడ్ ఐలాండ్ వర్తకులు రమ్ము పోసి మనుషుల్ని కొన్నారు. కరొలినా అయితే బార్బడోస్ చెరకు దొరల పిల్ల వలస. అక్కడ వరి పండింది. వరి తెలిసిన పశ్చిమాఫ్రికా చేతులతో పండింది. 1708 నాటికి ఆ కాలనీలో తెల్లవాళ్లకన్నా నల్లవాళ్లే ఎక్కువ.

ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొనడానికి ఐరోపా ఓడలు ఇచ్చిన సరుకుల్లో పెద్ద వాటా బట్టలది. ఆ బట్టల్లో మచిలీపట్నం మొదలు నాగపట్నం దాకా కోరమండల్ తీరంలో నేసిన నీలి గుడ్డలు, గళ్ల గుడ్డలు చాలా ఉండేవి. గినీ గుడ్డలని వాటికి పేరే పడిపోయింది. కలంకారీ వైభవం గురించి రాసేటప్పుడు ఈ బేరం మాట మనం ఎత్తం. నేసినవాడికి తెలిసే అవకాశం లేదు, నిజమే. అయినా మన నీలిమందు రంగు ఆ లెక్కల పుస్తకంలో ఉంది.

తిరుగుబాటు కాలానికి వస్తే వాదం మళ్లీ వేడెక్కుతుంది. 2019 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్ ‘1619’ పేరుతో ప్రత్యేక సంచిక తెచ్చింది. వలసవాసులు బ్రిటన్ మీద తిరగబడటానికి బానిసత్వాన్ని కాపాడుకోవడం ఒక ముఖ్య కారణమని అందులో నికోల్ హానా-జోన్స్ రాసింది. గోర్డన్ వుడ్, షాన్ విలెంట్జ్ సహా ఐదుగురు పేరున్న చరిత్రకారులు అభ్యంతరం చెప్పారు. చివరికి పత్రిక ‘వలసవాసుల్లో కొందరు’ అని సవరించుకుంది. నా లెక్కలో ఆ సవరణ సబబే. బోస్టన్ టీ గొడవకు బానిసత్వం కారణం కాదు. కానీ 1775 నవంబరులో వర్జీనియా గవర్నర్ డన్‌మోర్, తిరుగుబాటుదారుల బానిసలు వచ్చి రాజు సైన్యంలో చేరితే విడుదలని ప్రకటించాక, అటూ ఇటూ ఊగుతున్న దక్షిణాది ఆసాములు ఎటు మొగ్గారో ఊహించడం కష్టం కాదు. జెఫర్సన్ తన స్వాతంత్ర్య ప్రకటన ముసాయిదాలో బానిస వ్యాపారం పాపాన్నంతా రాజు నెత్తిన రుద్దాడు. కాంగ్రెస్ ఆ పేరా కొట్టేసింది. రాజు మా బానిసల్ని రెచ్చగొడుతున్నాడన్న ఫిర్యాదు మాత్రం ముసుగు మాటల్లో మిగిలింది. జీవితకాలంలో 600 మందికి పైగా మనుషుల్ని సొంతం చేసుకున్నవాడి చేతి రాత అది.

మనుషులంతా సమానమన్న ఆ ప్రకటన మాటల్ని నిజమని పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మసాచుసెట్స్‌లో బెట్ అనే బానిస స్త్రీ, కొత్త రాష్ట్ర రాజ్యాంగంలో అందరూ స్వేచ్ఛగా పుట్టారని రాశారట, మరి నేనో అని లాయరు దగ్గరికి వెళ్లింది. 1781లో గెలిచి ఎలిజబెత్ ఫ్రీమన్ అని పేరు పెట్టుకుంది. అలా ఉత్తరాదిలో ఒక్కో రాష్ట్రం, కొన్ని కోర్టు తీర్పుతో, కొన్ని ‘ఇకమీదట పుట్టేవాళ్లు ఇన్నేళ్లు చాకిరీ చేశాక’ అనే నత్తనడక చట్టాలతో, బానిసత్వం నుంచి పక్కకు జరిగింది.

1787లో ఫిలడెల్ఫియాలో రాసిన రాజ్యాంగంలో బానిస అనే మాట ఒక్కచోట కూడా లేదు. విషయం మాత్రం మూడుచోట్ల ఉంది. పారిపోయినవాళ్లను తిప్పి పంపాలి. ఆఫ్రికా నుంచి దిగుమతిని 1808 దాకా ఆపకూడదు. ప్రతినిధుల సంఖ్య లెక్కేసేటప్పుడు ఐదుగురు బానిసల్ని ముగ్గురిగా లెక్కించాలి. ఈ మూడోదాన్ని నల్లవాణ్ణి ముప్పాతిక లోపు మనిషిగా చూశారని చాలామంది తప్పుగా చెప్తారు. బానిసల్ని నిండుగా లెక్కించమని పట్టుబట్టింది యజమానులు. అసలు లెక్కించొద్దన్నది ఉత్తరాదివాళ్లు. ఓటు లేని మనిషి తల మీద యజమానికి ఓటు బలం ఎంత రావాలన్నదే బేరం. ఆ బలంతోనే తొలి ఐదుగురు అధ్యక్షుల్లో నలుగురు వర్జీనియా బానిస యజమానులయ్యారంటే అతిశయోక్తి కావచ్చు గానీ, అబద్ధం కాదు.

పెద్ద పెద్ద క్లాజుల కన్నా ఒక ఇంటి సంగతి నాకు ఎక్కువ చెప్తుంది. రాజధాని ఫిలడెల్ఫియాలో ఉన్న రోజులు. పెన్సిల్వేనియా 1780 చట్టం ప్రకారం బయటి రాష్ట్రాల వాళ్లు తెచ్చుకున్న బానిస అక్కడ వరసగా ఆరు నెలలు ఉంటే విడుదల కోరవచ్చు. అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ఏం చేశాడు? ఆరు నెలలు నిండేలోగా తన ఇంటి బానిసల్ని ఏదో వంక మీద రాష్ట్రం ఎల్లలు దాటించి, మళ్లీ తెప్పించుకునేవాడు. బానిసలకూ జనానికీ అనుమానం రాకుండా పని కానివ్వమని 1791లో కార్యదర్శికి ఉత్తరం కూడా రాశాడు. ఆ ఇంట్లో అధ్యక్షుడి భార్య మార్తాకు బట్టలు సర్దే, కుట్టుపని చేసే ఓనా జడ్జ్ అనే పిల్ల ఉండేది. తనను మార్తా మనవరాలికి పెళ్లి కానుకగా ఇచ్చేస్తారని తెలిసింది. 1796 మే 21న ఇంట్లోవాళ్లు భోజనానికి కూర్చున్న వేళ వీధిలోకి నడిచి వెళ్లిపోయింది. ఆమెకు 22 ఏళ్ల లోపే. పట్టిస్తే 10 డాలర్లని పేపర్లో ప్రకటన పడింది. ఓడెక్కి న్యూహాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ చేరింది. వాషింగ్టన్ సుంకం అధికారి చేత వాకబు చేయించాడు, మనిషిని పంపాడు. ఆమె రాలేదు. పేదగా బతికి 1848లో పోయింది. పారిపోయినవాళ్లను పట్టుకునే 1793 చట్టం మీద సంతకం పెట్టింది కూడా ఆయనే.

ఆ రోజుల్లో బానిసత్వం దానంతటదే వాడిపోతుందనుకున్నవాళ్లు తక్కువేం కాదు. పొగాకు నేలను పీల్చేసింది, ధరలు లేవు. అప్పుడు పత్తి వచ్చింది. 1793లో ఎలై విట్నీ చేసిన జిన్ను యంత్రం గింజను దూదినుంచి విడదీసే పనిని ఎన్నో రెట్లు వేగం చేసింది. గుంటూరులోనో ఆదిలాబాద్‌లోనో జిన్నింగ్ మిల్లు ముందు నిలబడినవాళ్లకు ఆ దుమ్ము తెలుసు. అయితే యంత్రం గింజ తీసింది గానీ పత్తి ఏరలేదు. 1790లో కొన్ని వేల బేళ్లుగా ఉన్న పంట 1860కి 40 లక్షల బేళ్లయింది. దానికోసం చొక్టా, క్రీక్, చెరోకీ తెగల్ని వాళ్ల నేల మీద నుంచి తోలేశారు. 1838లో చెరోకీలను పడమటికి నడిపించిన దారిలో వేలమంది కూలిపోయారు. ఖాళీ అయిన ఆ నేలకు వర్జీనియా, మేరీలాండ్‌ల నుంచి సుమారు 10 లక్షల మంది బానిసల్ని తరలించారు. కాళ్లూ చేతులూ గొలుసుతో కట్టి నడిపించి, ఓడల్లో న్యూఆర్లీన్స్ సంతకు చేర్చి. 1808లో ఆఫ్రికా దిగుమతి ఆగిపోవడంతో లోపలి ధర పెరిగింది, వర్జీనియా పొగాకు బదులు మనుషుల్ని అమ్మి బతికింది. రెండేళ్లకో బిడ్డను కనే బానిస స్త్రీ పొలంలో బలమైన మగవాడికన్నా లాభమని జెఫర్సన్ 1820లో ఒక ఉత్తరంలో లెక్కగట్టాడు. 1662 చట్టం 158 ఏళ్ల తర్వాత వడ్డీతో సహా పలికింది.

ఈ భాగం మీద ఆర్థిక చరిత్రకారుల పోట్లాట వేరే వ్యాసం అడుగుతుంది. బానిసత్వపు లాభాలు లేకుండా ఇంగ్లండ్ పరిశ్రమలు లేవని 1944లో ట్రినిడాడ్ వాడైన ఎరిక్ విలియమ్స్ అన్నాడు. ఫోగెల్, ఎంగర్‌మన్ 1974లో కంప్యూటర్ లెక్కలతో బానిస సేద్యం లాభసాటిదేనని చూపించి, కొరడాను తక్కువ చేశారని తిట్లు తిన్నారు. లాభం లేక ఆ వ్యవస్థ పడిపోయేదన్న ఓదార్పు కబురు మాత్రం అప్పటితో పోయింది. 1860లో దక్షిణాది బానిసల మార్కెట్ విలువ దేశంలోని రైళ్లు, ఫ్యాక్టరీలు కలిపినదానికన్నా ఎక్కువ.

మరి చీలిక? పాఠ్యపుస్తకాలు దీన్ని ఒప్పందాల చిట్టాగా చెప్తాయి. 1820లో మిస్సోరీ, 36 డిగ్రీల 30 నిమిషాల గీత, 1845లో టెక్సాస్, 1846లో మెక్సికో యుద్ధం, 1850 రాజీ, 1854లో కాన్సాస్. కొత్త నేల ఎవరిదన్న తగువే ప్రతిసారీ. చిట్టా సరైందే గానీ ఊపిరి లేదు. పెద్ద చీలికకు ముందు చిన్న చీలికలు దేవుడి ఇంట్లో వచ్చాయి. 1844లో మెథడిస్టులు విడిపోయారు. అదే ఏడాది, బానిసల్ని ఉంచుకున్నవాణ్ణి మిషనరీగా పంపుతారా అని అలబామా బాప్టిస్టులు బోస్టన్‌లోని విదేశీ మిషన్ బోర్డును నిలదీశారు. పంపేది లేదంది బోర్డు. 1845లో దక్షిణాదివాళ్లు జార్జియాలోని అగస్టాలో వేరుకుంపటి పెట్టారు. ఆ బోర్డు కింద ఉన్న మిషన్లలో మన నెల్లూరుది ఒకటి. శామ్యూల్ డే 1836లో తెలుగు నేల మీద దిగి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ‘ఒంటి నక్షత్రం’గా పేరుపడి, 1853లో మూసేద్దామా అని చర్చకొచ్చి, తర్వాత ఒంగోలులో వేలాది మాదిగ కుటుంబాలను చేర్చుకున్న మిషన్ అదే. బానిస యజమానిని పంపేది లేదని తెగేసి చెప్పిన వైపు అది ఉండిపోయింది.

1850 చట్టం గురించి మాత్రం ఆగి చెప్పాలి. పారిపోయిన బానిస కేసుల్ని విచారించడానికి కమిషనర్లను పెట్టారు. పట్టుబడినవాడికి జ్యూరీ లేదు, తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకునే వీలు లేదు. అతన్ని యజమానికి అప్పగిస్తే కమిషనర్‌కు ఫీజు 10 డాలర్లు, వదిలేస్తే 5. అప్పగింతకు కాగితం పని ఎక్కువ గనక అని సంజాయిషీ. దారిన పోయే ఏ ఉత్తరాది పౌరుణ్ణయినా పట్టుకోవడంలో సాయం చేయమని ఆజ్ఞాపించవచ్చు. 1854 జూన్‌లో ఆంథనీ బర్న్స్ అనే ఒక్క మనిషిని బోస్టన్ రేవు దాకా నడిపించడానికి సైన్యాన్ని దింపాల్సి వచ్చింది. నల్ల గుడ్డలు కట్టిన కిటికీల కింద, పదుల వేల జనం ఛీకొడుతుండగా. అప్పటిదాకా బానిసత్వం ఎక్కడో దూరంగా పత్తి చేలలో జరిగే సంగతి. ఆ రోజు అది వాళ్ల వీధిలో నడిచింది. దాన్ని అక్కడిదాకా తెచ్చింది పార్టీలూ కాదు, వక్తలూ కాదు. బర్న్స్, ఫ్రెడరిక్ డగ్లస్, హ్యారియట్ టబ్‌మన్, పేరు తెలియని వేలమంది. పారిపోయిన ప్రతి మనిషీ వాషింగ్టన్ దొరల రాజీకి చిల్లు పెట్టాడు. ఈ కోణాన్ని 1935లోనే డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ గట్టిగా చెప్పినా, విశ్వవిద్యాలయాలు ఆయన్ని పట్టించుకోవడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది.

యుద్ధం బానిసత్వం కోసం కాదు, రాష్ట్రాల హక్కుల కోసమని యుద్ధం ఓడాక పుట్టిన కథ ఒకటుంది. 1930ల్లో, 40ల్లో కొందరు పెద్ద ప్రొఫెసర్లు కూడా, తెలివితక్కువ రాజకీయ నాయకుల తరం చేసిన పొరపాటని దాన్ని తేల్చేశారు. దక్షిణాది నోటితోనే వినడం మేలు. 1860 డిసెంబరులో సౌత్ కరొలినా విడిపోతూ ఇచ్చిన ప్రకటనలో ప్రధాన ఫిర్యాదు, ఉత్తరాది రాష్ట్రాలు తమ సొంత చట్టాలతో కేంద్ర చట్టాన్ని అడ్డుకుని పారిపోయినవాళ్లను అప్పగించడం లేదని. అంటే రాష్ట్రాల హక్కులు ఎక్కువయ్యాయని వాళ్ల బాధ. మిసిసిపీ ఇంకా సూటిగా తమ స్థితి బానిసత్వంతో ముడిపడి ఉందని రాసింది. 1861 మార్చిలో, విడిపోయిన రాష్ట్రాలు కట్టుకున్న కొత్త దేశపు ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ జాతుల అసమానతే తమ ప్రభుత్వానికి మూలరాయి అన్నాడు. ఓడిపోయాక అదే పెద్దమనిషి రెండు సంపుటాలు రాసి అంతా రాజ్యాంగ సూత్రాల తగాదా అన్నాడు.

యుద్ధంతో లాంకషైర్ మిల్లులకు అమెరికా పత్తి ఆగిపోయింది. ధర ఆకాశానికంటింది, గుంటూరు పత్తి కాకినాడ రేవుకు బళ్లు కట్టింది. కాకినాడ ఓడరేవుగా నిలదొక్కుకున్నది ఆ నాలుగేళ్లలోనే.

1861 మే 23. వర్జీనియా విడిపోవడానికి ప్రజల ఓటు పడిన రోజు. ఆ రాత్రి ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్‌సెండ్ అనే ముగ్గురు బానిసలు చిన్న పడవ దొంగిలించి నీళ్లు దాటి, ఇంకా కేంద్రం చేతిలోనే ఉన్న మన్రో కోటకు చేరారు. పగలంతా దక్షిణాది సైన్యానికి ఫిరంగి దిబ్బ కట్టారు. తమను దూరంగా నార్త్ కరొలినాకు తోలేస్తారని తెలిసి వచ్చేశారు. మర్నాడు వాళ్ల యజమాని అయిన కల్నల్ తరఫున మేజర్ ఒకడు తెల్లజెండా పట్టుకుని వచ్చి, పారిపోయిన బానిసల చట్టం ప్రకారం అప్పగించండి అన్నాడు. కోట అధిపతి బెంజమిన్ బట్లర్ వృత్తిరీత్యా లాయరు. మీరు వేరే దేశమంటున్నారు కదా, నిన్ననే ఓటేశారు, పరాయి దేశానికి మా చట్టం వర్తించదు అన్నాడు. ఇక ఆస్తి సంగతంటారా, శత్రువు యుద్ధానికి వాడే ఆస్తిని పట్టుకునే హక్కు మాకుంది అన్నాడు. మీ కల్నల్ కేంద్రానికి విధేయుడినని ప్రమాణం చేస్తే చూద్దామన్నాడు. మేజర్ వెనక్కి వెళ్లాడు. మనిషి ఆస్తి అన్న మాటను బట్లర్ కొట్టేయలేదు, అదే మాటతో మనిషిని అట్టిపెట్టుకున్నాడు. రెండు రోజుల్లో ఎనిమిది మంది, మర్నాడు నలభైకి పైగా వచ్చారు. జూలై చివరికి 900 మంది అయ్యారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, చంకలో పిల్లలు.

మన్రో కోట ఉన్న ఆ ఇసుక మొన పేరు పాయింట్ కంఫర్ట్.